పెట్టె మీద 525 రెట్లు, కంట్లో మసక: చిన్న టెలిస్కోపులో గ్రహాలు చూడటం

చిన్న టెలిస్కోపు కొన్నవాళ్ల ఫిర్యాదు ఊరేదైనా దాదాపు ఒకటే. చంద్రుడు బ్రహ్మాండంగా కనిపించాడు, గ్రహాలు మాత్రం తేలిపోయాయి. గురుడు తెల్లటి ముద్ద, శని కోలగా ఉన్న చుక్క, కుజుడు వణికే నారింజ రంగు మచ్చ. నింద వెంటనే లెన్సు మీదికి పోతుంది. లేదంటే ఇంకో పదివేలు పెట్టి పెద్దది కొనాల్సిందన్న బాధ పట్టుకుంటుంది.

నిజానికి 70 మి.మీ. లెన్సున్న మామూలు టెలిస్కోపు సరిగ్గా పనిచేస్తే గురుడి మీది రెండు పట్టీలు, ఆయన నాలుగు చంద్రులు, శని ఉంగరం, శుక్రుడి కళలు అన్నీ చూపిస్తుంది. చూపించడం లేదంటే గ్రహానికీ కంటికీ మధ్య ఎక్కడో ఏదో అడ్డుపడుతోందన్నమాట. అడ్డుపడేవి ఓ అరడజను ఉంటాయి. అతిగా పెంచిన పవర్, పై గాలి, దగ్గర్లోని వేడి, స్టాండు వణుకు, అద్దాల మీది చెమ్మ, కుదరని అమరిక. అన్నీ కలిసి ‘మసక’ అనే ఒకే పేరుతో కనిపిస్తాయి కాబట్టే కొత్తవాళ్లకు తికమక. ఒక్కోదానికీ ఒక్కో గుర్తుంది. దేని మందు దానిదే.

525 ఎక్కడి నుంచి వచ్చింది

పవర్ అంటే గ్రహాన్ని ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందన్నది. దాని లెక్క చాలా తేలిక. టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఐపీస్ అంటే కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు గొట్టం, ఫోకల్ లెంగ్త్ అంటే లెన్సు నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉన్న దూరం. 700 మి.మీ. గొట్టంలో 25 మి.మీ. ఐపీస్ పెడితే 28 రెట్లు, 10 మి.మీ. పెడితే 70, 4 మి.మీ. పెడితే 175. ఆ 4 మి.మీ.కి ముందు 3 రెట్ల బార్లో (పవర్ పెంచే అదనపు లెన్సు) తగిలిస్తే 525. పెట్టె మీద అచ్చేసిన అంకె ఇదే. లెక్కలో తప్పేమీ లేదు, ఆ పవర్‌లో చూడటానికి బొమ్మే ఉండదు.

లెన్సు ఎంత సన్నటి వివరాన్ని విడదీసి చూపగలదన్నది దాని వ్యాసం తేలుస్తుంది. 116ని వ్యాసం మి.మీ.లతో భాగిస్తే వచ్చేది ఆర్క్ సెకన్లలో ఆ హద్దు (ఒక డిగ్రీలో 3600 ఆర్క్ సెకన్లు). 70 మి.మీ.కి అది సుమారు 1.7, లెన్సుకు బదులు అద్దం ఉండే టెలిస్కోపుల్లో 114 మి.మీ. అద్దానికి దాదాపు 1. గురుడి బింబం బాగా దగ్గరికొచ్చినప్పుడు 45 ఆర్క్ సెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. పవర్ ఎంత పెంచినా 70 మి.మీ. లెన్సు ఆ 45లోంచి 1.7 కన్నా సన్నటి ముక్కను తీసివ్వలేదు. ఉన్న వెలుగే పలచబడుతుంది. పవర్ రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, వణుకు మాత్రం రెట్టింపవుతుంది.

వ్యాసం ఎన్ని మి.మీ.లో దానికి రెండింతలు గట్టి హద్దు అనుకోండి. 70కి 140, 114కి 228. అదీ గాలి నిలిచిపోయిన రాత్రికే. మామూలు రాత్రుల్లో గ్రహాలకు 70 మి.మీ.తో 70 నుంచి 100 వరకు, 114తో 90 నుంచి 150 వరకు సరిపోతాయి. పెట్టెలో వచ్చే సరంజామాలో 25, 10 మి.మీ. ఐపీస్‌లు ఉంచుకుని, 4 మి.మీ.ది, ప్లాస్టిక్ బార్లో, బొమ్మను నిటారుగా తిప్పే 1.5 రెట్ల గొట్టం పక్కన పడేయొచ్చు. డబ్బు పెట్టాలనుకుంటే 6 మి.మీ. ఐపీస్ ఒక్కటి, కంటికి కాస్త దూరం నుంచి చూడనిచ్చే రకం కొనండి. 700 మి.మీ. గొట్టంలో అది 117 రెట్లు ఇస్తుంది. కొనేముందు ఐపీస్ దూరే గొట్టం వ్యాసం కొలవండి. 31.7 మి.మీ. అయితే బజార్లో అన్నీ పడతాయి, పాత రకం 24.5 మి.మీ. అయితే పట్టవు.

ఇంకా కొనని వాళ్లకో మాట. 114 మి.మీ. అద్దం, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ అని రాసి ఉండి, గొట్టం చూస్తే అర మీటరే ఉందనుకోండి. ఫోకసర్‌లో (బొమ్మ పదును సరిచేసే భాగంలో) ఒక అదనపు లెన్సు దాచి ఆ పొడవు తెచ్చారని అర్థం. ఆ రకాల్లో బొమ్మ పదునుగా రావడం అరుదు, అమరిక కుదర్చడం ఇంకా తలనొప్పి. అదే 114కి 900 అని రాసి, గొట్టం కూడా సుమారు 900 ఉంటే నమ్మొచ్చు.

‘ఇంత చిన్నగా ఉందేమిటి’ అన్న నిరాశకు మాత్రం టెలిస్కోపు బాధ్యత లేదు. చంద్రుడి వ్యాసం సుమారు 1800 ఆర్క్ సెకన్లు. 45ని 40తో హెచ్చిస్తే 1800. అంటే 40 రెట్లలోనే గురుడు మామూలు కంటికి చందమామ ఎంతో అంత ఉంటాడు. అలా అనిపించదు, అంతే. చుట్టూ పోల్చుకోవడానికి కొబ్బరిచెట్టో మేడో లేని నల్లటి గుండ్రంలో కన్ను పరిమాణం పట్టలేదు. ఎప్పుడైనా చంద్రుడు, గురుడు ఇద్దరూ ఆకాశంలో ఉన్నప్పుడు ఒక కన్ను ఐపీస్ దగ్గర, రెండో కన్ను చంద్రుడి మీద పెట్టి చూడండి, నమ్మకం కుదురుతుంది.

నడినెత్తి మీద గ్రహం: లాభం, చిక్కు

నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఒంగోలు 15.5 మీద ఉన్నాయి. గ్రహాలు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా ఆకాశంలో ఊహించుకునే గీత) అటో ఇటో పాతిక డిగ్రీల మేరకే తిరుగుతాయి కాబట్టి మనకు ఎప్పుడూ ఎత్తుగానే వెళతాయి. గురుడు బాగా దక్షిణానికి దిగిన ఏడు లండన్‌లో 15 డిగ్రీలకు మించి లేవడు. మనకు అప్పుడు కూడా 52 డిగ్రీల దాకా వస్తాడు. 30 డిగ్రీల ఎత్తులో ఉన్న గ్రహం వెలుగు, నెత్తిమీద ఉన్నప్పటి కన్నా రెండింతల గాలిని దాటుకుని రావాలి. 60 డిగ్రీలకు చేరితే ఆ అదనం 15 శాతమే. ఈ ఒక్క విషయంలో మన జిల్లాల్లోని 70 మి.మీ., ఐరోపాలోని పెద్ద టెలిస్కోపు కన్నా మేలు.

చిక్కు కూడా అక్కడే ఉంది. గ్రహం సరిగ్గా నడినెత్తికి వస్తే పొడవాటి లెన్సు టెలిస్కోపు వెనక భాగం స్టాండు కాలికి తగులుతుంది. అటూ ఇటూ, పైకీ కిందికీ తిరిగే మామూలు మౌంట్ (గొట్టాన్ని పట్టి తిప్పే భాగం) మీద నెత్తిమీది గ్రహాన్ని వెంబడించాలంటే కొద్దిపాటి కదలికకే మౌంట్‌ని చాలా దూరం తిప్పాలి. పెట్టెతో వచ్చేది 45 డిగ్రీల డయాగొనల్ (ఐపీస్ ముందు చూపును మళ్లించే వంపు ముక్క) అయితే మెడ విరుచుకుని చూడాల్సిందే. 90 డిగ్రీల డయాగొనల్ మార్చుకోవడం మంచిది. పగలు చెట్లూ ఇళ్లూ చూడటానికి ఇచ్చే 45 డిగ్రీల పట్టకం ప్రకాశమైన గ్రహాల మీద ఒక సన్నటి వెలుగు గీత కూడా గీస్తుంది. ఇక ఎత్తు చిక్కుకు ఉపాయం: గ్రహం నడినెత్తికి రావడానికి రెండు గంటల ముందో, దాటిన రెండు గంటలకో చూడండి. గంటకు 15 డిగ్రీల చొప్పున లెక్కేసుకుంటే అప్పుడు 60 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. గాలిలో పెద్ద నష్టం లేదు, మెడా బతికిపోతుంది.

ఈక్వటోరియల్ మౌంట్ (ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు పెట్టి తిప్పే రకం) ఉన్నవాళ్లకు ఇంకో ఇబ్బంది. 14 డిగ్రీల అక్షాంశానికి సర్దితే దాని ఇరుసు దాదాపు పడుకున్నట్టు ఉంటుంది, బరువు కడ్డీ ఉత్తరం వైపు కాలికి కొట్టుకుంటుంది. రెండు కాళ్ల మధ్య సందు ఉత్తరానికి వచ్చేలా స్టాండు తిప్పిపెడితే తప్పుతుంది. ధ్రువ నక్షత్రం కూడా 14, 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఊళ్లో ఏ మేడ వెనకో దాక్కుంటుంది. మొదలుపెట్టేవాళ్లకు ఈ తంటా అక్కర్లేదు, మామూలు మౌంట్ చాలు.

ఎప్పుడు చూడాలో పంచాంగం చెబుతుంది

గ్రహాల కోసం ఫోన్లో స్టెల్లేరియం లాంటి యాప్ వేసుకోవచ్చు. కానీ ఇంట్లో గోడకో మేకుకో వేలాడే పంచాంగమే సగం పని చేసిపెడుతుంది. గురుడు, శని, కుజుడు ‘వక్రం’లో ఉన్నారని రాస్తారు చూడండి, అదే వాళ్లను చూడాల్సిన కాలం. భూమి ఆ గ్రహాన్ని లోపలి దారిలో దాటిపోతున్నప్పుడు అది వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే అది మనకు దగ్గరగా, సూర్యుడికి ఎదురుగా ఉంటుంది. సూర్యుడు అస్తమించేసరికి తూర్పున లేస్తుంది, అర్ధరాత్రికి నెత్తికెక్కుతుంది. గురుడి వక్రం సుమారు నాలుగు నెలలు, శనిది నాలుగున్నర, కుజుడిది రెండు రెండున్నర నెలలు. ఆ కాలం నడిమి రోజులు అన్నిటికన్నా మేలు. ‘మూఢం’ అంటే దీనికి సరిగ్గా తిరగేసిన సంగతి. గురు మూఢం, శుక్ర మూఢం వచ్చాయంటే ఆ గ్రహం సూర్యుడి వెలుగులో మునిగి ఉందని. పెళ్లిళ్లతో పాటు ఆ గ్రహం మీదికి టెలిస్కోపునూ ఆపేయొచ్చు.

శని 2026 అక్టోబరు 4న సూర్యుడికి ఎదురుగా వస్తాడు. గురుడు 2027 ఫిబ్రవరి 10–11 తేదీల్లో, కుజుడు ఆ ఫిబ్రవరి 19న. ఆ ఫిబ్రవరిలో గురుడూ కుజుడూ ఇద్దరూ ఖగోళ మధ్యరేఖకు 15 డిగ్రీలు ఉత్తరాన ఉంటారు, అంటే నెల్లూరు ఒంగోలు వాళ్లకు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతారు. ఏ గ్రహమైనా నెత్తికెక్కే వేళ నెలకు సుమారు రెండు గంటల చొప్పున ముందుకు జరుగుతుంది. ఫిబ్రవరిలో గురుడి కోసం అర్ధరాత్రి దాకా మేలుకోలేకపోతే మార్చి 10కి రాత్రి పది ప్రాంతంలో, ఏప్రిల్ 10కి ఎనిమిది ప్రాంతంలోనే దొరుకుతాడు.

శని విషయంలో మన వాతావరణం కలిసిరాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలు, వాయుగుండాలు, తుపాన్లు. శని బాగుండే రోజులన్నీ మబ్బుల పాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పొద్దుపోయాక మబ్బు విరిగినప్పుడు పట్టుకోవాలి. లేదంటే డిసెంబరు రెండో సగంలో వాన తెరిపిచ్చాక చీకటి పడేసరికే దక్షిణాన ఎత్తుగా ఉంటాడు కాబట్టి అప్పుడు చూడాలి. మన దగ్గర గ్రహాలకు సిసలైన సీజన్ సంక్రాంతి నుంచి ఉగాది దాకా.

తళతళలాడే రాత్రి మోసం చేస్తుంది

వాన కడిగిన ఆకాశంలో నక్షత్రాలు మిలమిల మెరుస్తుంటే టెలిస్కోపు బయటికి తీయాలనిపిస్తుంది. గ్రహాలకు ఆ రాత్రి దండగ. మిలమిలలాడటమంటే పైన వేర్వేరు ఉష్ణోగ్రతల గాలి పొరలు వేగంగా ఒకదాని మీదొకటి జారుతున్నాయని. ఐపీస్‌లో గ్రహం అంచు అదేపనిగా ఉడుకుతూ కనిపిస్తుంది. దానికి భిన్నంగా, గాలి స్తంభించి, కాస్త మసక పట్టి, నక్షత్రాలు కదలకుండా వెలిగే ఉక్కపోత రాత్రి ఉంటుంది. ఇంట్లోవాళ్లు విసనకర్ర పట్టుకుని కూర్చునే ఆ రాత్రే గురుడి పట్టీలు గీసినట్టు కనిపిస్తాయి. గ్రహాలకు వెలుగు కొరత లేదు, కావలసింది నిలకడ.

ఊరి దీపాల గురించి కూడా దిగులు అక్కర్లేదు. నెబ్యులాలకు (ఆకాశంలోని వాయు మేఘాలు), గెలాక్సీలకు ఉదయగిరి కొండల దాకా పోవాలేమో గానీ గ్రహాలు నెల్లూరు ట్రంకు రోడ్డు మేడ మీద నుంచయినా, ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క నుంచయినా అంతే బాగా కనిపిస్తాయి. కంటిని చీకటికి అలవాటు చేసుకోవడం కూడా గ్రహాలకు పనికిరాదు. చీకటికి అలవాటుపడ్డ కంటికి గురుడు కళ్లు జిగేలుమనే తెల్ల ముద్ద. పక్కన ఒక చిన్న బల్బు వెలుగుతుంటే రంగులు, పట్టీలు ఇంకా బాగా తెలుస్తాయి.

పై గాలిని మనం మార్చలేం. కింది వేడిని మార్చగలం, కొత్తవాళ్లు పట్టించుకోనిది దీన్నే. పగలంతా కాలిన మిద్దె స్లాబు రాత్రి పది పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి గొట్టం ముందు నుంచే పైకి పోతుంది. ఇంటి ముందు మట్టినేల గానీ గడ్డి గానీ ఉంటే అక్కడ పెట్టండి. మిద్దె తప్పదంటే పొద్దుగూకగానే రెండు బకెట్ల నీళ్లు చల్లి, చూడటం తొమ్మిది తర్వాత మొదలుపెట్టండి. పక్కింటి ఏసీ బయటి పెట్టె మీదుగా, ఆక్వా చెరువు షెడ్డు రేకుల మీదుగా గ్రహాన్ని చూడొద్దు. దోమల చుట్ట కూడా టెలిస్కోపు కిందా, గాలి వచ్చే వైపూ పెట్టకూడదు, పొగా వేడీ నేరుగా చూపుకు అడ్డం వస్తాయి. దోమల క్రీము రాసుకున్న వేళ్లు ఐపీస్ అద్దానికి తగిలితే ఆ జిడ్డు ఓ పట్టాన వదలదు.

చలిదేశాల పుస్తకాలు టెలిస్కోపుని ఓ అరగంట ముందు బయట పెట్టి చల్లబడనివ్వమంటాయి. మన కోస్తాలో చాలా నెలలు వ్యవహారం తలకిందులు. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర ఉన్న లెన్సు, 30 దాటిన తేమ గాలిలోకి వచ్చీ రాగానే పొగమంచు పట్టినట్టు చెమర్చుతుంది. చాలామంది వెంటనే లుంగీ అంచుతోనో టవల్‌తోనో తుడుస్తారు. లెన్సు పూతకు గీతలు పడేది అప్పుడే. చేయాల్సిందల్లా మూతలు తీయకుండా బయట పెట్టి, లోహం బయటి వేడికి వచ్చేదాకా ఆగడం. 70 మి.మీ. లెన్సుకు 15, 20 నిమిషాలు, 114 మి.మీ. అద్దానికి 30, 40 నిమిషాలు. అసలు టెలిస్కోపుని ఏసీ లేని గదిలో ఉంచితే ఈ గొడవే లేదు. జనవరి తెల్లవారుజామున మాత్రం మామూలు మంచు లెన్సు మీద పడుతుంది. దానికి యోగా మ్యాటు ముక్కను గొట్టంలా చుట్టి, లెన్సు ముందు ఓ 15 నుంచి 20 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా తొడిగితే చాలు.

స్టాండు, ఫైండర్

గొట్టం మీద వేలితో చిన్నగా తట్టండి. బొమ్మ నిలబడటానికి మూడు సెకన్లకు మించి పడితే మీ స్టాండు గ్రహాన్ని పాడుచేస్తోంది. కాళ్లను పూర్తిగా పొడిగించకుండా కుర్చీలో కూర్చుని చూసేంత ఎత్తులో పెట్టండి. కాళ్ల మధ్య ఉండే పళ్లేనికి ఐదు లీటర్ల నీళ్ల క్యాను వేలాడదీయండి, అది నేలకు తగలకూడదు. ఇసుకలోనో పొలం గట్టు మీదో కాళ్లు దిగబడతాయి. చీమకుర్తి గ్రానైటు ముక్కలు మన వైపు ఏ ఇల్లు కట్టే చోటైనా మిగులుతాయి, మూడు కాళ్ల కింద మూడు వేసుకోండి. సముద్రపు గాలి కోస్తా ఊళ్లలో సాయంత్రం బలంగా వీచి పొద్దుపోయేకొద్దీ తగ్గుతుంది. అప్పటిదాకా పిట్టగోడ చాటున ఉండటం నయం. మిద్దె మీద పక్కన ఎవరైనా నడిచినా బొమ్మ ఊగుతుంది, పిల్లల్ని కూర్చోబెట్టి వంతులవారీగా పిలవాలి.

ఫైండర్‌ని పగలే కుదర్చాలి. ఫైండర్ అంటే గొట్టం మీద గురి చూసుకోవడానికి బిగించే చిన్న పరికరం. కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ కొసను 25 మి.మీ. ఐపీస్ నడిమికి తెచ్చి, ఫైండర్ మరల్ని తిప్పి దాని గురి కూడా ఆ కొసకే తీసుకురండి. తర్వాత 10 మి.మీ.తో మళ్లీ సరిచూడండి. ఇది చేయకపోతే రాత్రంతా గ్రహాన్ని వెతకడంతోనే సరిపోతుంది. పగటి పూట ఈ పని చేసేటప్పుడు సూర్యుడు ఉన్న దిక్కుకు గొట్టం తిప్పొద్దు, ఒక్క క్షణం చాలు చూపు పోవడానికి. ఐపీస్‌కి బిగించే ‘సన్’ ఫిల్టర్ పెట్టెలో వచ్చి ఉంటే అది సూర్యుడి వేడికి పగిలే వస్తువు, పగలగొట్టి పారేయండి.

గ్రహం దొరికాక అది ఐపీస్‌లో ఆగదు. భూమి తిరుగుతుండటంతో ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతుంది. 70 రెట్లలో ఒక అంచు నుంచి రెండో అంచుకు దాటడానికి గ్రహానికి మూడు నిమిషాల లోపే పడుతుంది. 175 రెట్లలో నిమిషం కాస్త అటూఇటూగా మాత్రమే. గ్రహాన్ని అది బయల్దేరే అంచు దగ్గర పెట్టి, చేయి తీసేసి, అది నడిమికి వచ్చేలోపు వణుకు ఆగనివ్వండి. ఎప్పుడూ ముందు 25 మి.మీ.తో పట్టి, తర్వాతే 10కి మారండి.

ఏ మసక ఎవరి పని

బొమ్మ మొత్తం ఒకేసారి ఊగి, చేయి తీస్తే ఆగితే స్టాండు. అంచులు ఉడుకుతూ, మధ్యమధ్య ఒక సెకను తేరుకుని మళ్లీ చెదిరితే పై గాలి. అలాంటప్పుడు పవర్ తగ్గించి ఆ ఒక్కో సెకను కోసం కాచుకోవాలి. బొమ్మ నెమ్మదిగా ఒక వైపుకి సాగి వస్తుంటే దగ్గరి వేడి. ప్రకాశమైన నక్షత్రాన్ని ఫోకస్ తప్పించి చూస్తే గుండ్రంలోంచి ఆ వేడి పొగలా ఒక పక్కకు లేవడం కనిపిస్తుంది. ఎంతసేపు చూసినా ఏ క్షణంలోనూ పదును రాకుండా ఒకే తీరు మసక ఉంటే లెన్సు మీది చెమ్మ, జిడ్డు, అతి పవర్, లేదా అద్దాల అమరిక. ఐపీస్ మార్చి చూడండి, టార్చి పక్క నుంచి వేసి లెన్సు చూడండి. ఫోకస్ తప్పించిన నక్షత్రం వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉంటే అమరిక బాగున్నట్టే. ఒక పక్కకు జరిగి ఉంటే అద్దం టెలిస్కోపులో వెనక మరలు సరిచేయాలి. లెన్సు టెలిస్కోపుని మాత్రం విప్పొద్దు.

అద్దం టెలిస్కోపులో గురుడు మధ్యలో చిల్లున్న గారెలా కనిపించాడని సంబరపడేవాళ్లు ఉంటారు. అది గ్రహం కాదు, ఫోకస్ తప్పినప్పుడు కనిపించే, గొట్టం లోపలి చిన్న అద్దం నీడ. గుండ్రం చిన్నదయ్యే వైపుకి ఫోకసర్ తిప్పుతూ పోండి, అన్నిటికన్నా చిన్నదయ్యాక కాస్త దాటించి వెనక్కి రండి.

రంగు అంచులు ఇంకో అనుమానం. గ్రహం చుట్టూ సమానంగా ఊదా వెలుగు ఉంటే అది చవక లెన్సు స్వభావం, భరించొచ్చు. ఒక పక్క ఎరుపు, ఎదుటి పక్క నీలం ఉంటే అది లెన్సు తప్పు కాదు. దిగంతానికి దగ్గరున్న శుక్రుడి వెలుగును గాలే రంగులుగా విడదీస్తోంది. గ్రహం ఎత్తుకు వస్తే దానంతట అదే పోతుంది.

ఏ గ్రహంలో ఏముంటుంది

గురుడితో మొదలుపెట్టండి. 28 రెట్లలోనే చంద్రులు ఒక గీత మీద వరుసగా కనిపిస్తాయి. గెలీలియో 1610 జనవరిలో చూసినవి ఇవే. నాలుగూ ఎప్పుడూ ఉండవు, గ్రహం ముందో వెనకో ఒకటి దాగి ఉండొచ్చు. వాటిలో ఐఓ అనే చంద్రుడు 42 గంటల్లో ఒక చుట్టు చుడుతుంది కాబట్టి గురుడి పక్కనే ఉన్న రోజు రెండు గంటల్లో దాని కదలిక తెలుస్తుంది. 70 రెట్లలో మధ్యరేఖకు రెండు పక్కలా రెండు బూడిద గోధుమ రంగు పట్టీలు, గ్రహం ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టుండటం కనిపిస్తాయి. మొదటి చూపుకే కాదు. ఐదు నిమిషాలు చూశాక ఒక పట్టీ, పదో నిమిషానికి రెండోది. కాగితం మీద ఐదు సెంటీమీటర్ల గుండ్రం గీసుకుని కనిపించింది గీయడం మంచి అలవాటు, చేయి అడిగితే కన్ను వెతుకుతుంది. ఇరవై నిమిషాల్లో ముగించండి, గురుడు 9 గంటల 55 నిమిషాలకే ఒక చుట్టు తిరుగుతాడు, వివరాలు జరిగిపోతాయి. ఎర్రమచ్చ 70 మి.మీ.కి దాదాపు అందదు, 114కి మంచి రాత్రి అందొచ్చు.

శని ఉంగరం 2025 మార్చిలో సరిగ్గా అంచు మనవైపుకి తిరిగి మాయమైనంత పనైంది. అప్పటి నుంచి ఏటికేడు తెరుచుకుంటోంది, 2032 ప్రాంతానికి పూర్తిగా విచ్చుకుంటుంది. అందుకని ఈ రెండేళ్లలో చూసేవాళ్లు ఫోటోల్లోని వెడల్పాటి ఉంగరం కోసం వెతక్కండి, గ్రహానికి రెండు వైపులా సూదుల్లాంటి కొసలు వెతకండి. ఉంగరం ఈ కొస నుంచి ఆ కొసకు 44 ఆర్క్ సెకన్ల దాకా ఉంటుంది, 70 రెట్లు పెట్టాలి. పక్కన చిన్న నక్షత్రంలా కనిపించేది శని చంద్రుల్లో పెద్దదైన టైటాన్ కావచ్చు. రెండు మూడు రాత్రులు గీసి పెట్టుకుంటే తేలుతుంది, అది 16 రోజుల్లో శనిని చుట్టి వస్తుంది. ఉంగరంలో నల్లటి సన్న గీతలా ఉండే కాస్సినీ ఖాళీని ఇప్పుడు ఈ సైజు టెలిస్కోపులో ఆశించడం వృథా.

కుజుడి మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. 2018లో 24 ఆర్క్ సెకన్లున్న బింబం 2027 ఫిబ్రవరిలో 14కు చేరదు, రెండు నెలలు తిరక్కముందే 10 దరిదాపులకు కుంచించుకుపోతుంది. 100 రెట్లకు పైన, నిలకడైన రాత్రి, ఒక నల్లటి ఛాయ, ధ్రువం దగ్గర తెల్లటి మెరుపు కనిపిస్తే అదే గొప్ప.

శుక్రుడు 2026 ఆగస్టు 15న సాయంత్రం ఆకాశంలో సూర్యుడికి అత్యంత దూరంగా, సగం చంద్రుడిలా ఉంటాడు. సెప్టెంబరు ఆఖరుకు 40 ఆర్క్ సెకన్లు దాటి సన్నటి నెలవంక అవుతాడు. బాగా చీకటి పడ్డాక చూస్తే వెలుగు చిమ్మి ఆకారం తెలియదు. సూర్యుడు పూర్తిగా అస్తమించాక, ఆకాశం ఇంకా నీలంగా ఉన్నప్పుడే చూడండి. బుధుడికి చోటు ఎంచుకోవడమే అసలు పని. మనకు సముద్రం తూర్పున ఉంది, కాబట్టి మైపాడు, కొత్తపట్నం తీరాల్లో నీటి అంచు దాకా తెరిచిన దిగంతం తెల్లవారుజామున వచ్చే బుధుడికే పనికొస్తుంది. సాయంత్రపు బుధుడికి పడమర ఖాళీగా ఉన్న చెరువు కట్టో, పెన్న గట్టో కావాలి. పడమటి మండలాల వాళ్లకు వెలిగొండలు అడ్డం. యురేనస్ 100 రెట్లలో లేత పచ్చటి చిన్న చుక్క, నెప్ట్యూన్ ఇంకా మసక. యాప్‌లో పటం చూసి గుర్తుపట్టామన్న తృప్తే తప్ప చూడటానికి ఏమీ ఉండదు.

తీరం నుంచి తిరిగొచ్చాక

ఉప్పు గాలి అద్దం పూతను తింటుంది, తేమ లెన్సుల మధ్య బూజు పట్టిస్తుంది. బీచ్ నుంచి రాగానే స్టాండు, గొట్టం బయటి వైపు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. లెన్సుని మాత్రం తుడవకండి, దుమ్ముంటే రబ్బరు బల్బుతో గాలి కొట్టండి. చెమర్చిన టెలిస్కోపుకి వెంటనే మూత బిగిస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. ఫ్యాను గాలికి రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు మూయాలి. ఐపీస్‌లు, డయాగొనల్ బిగుతు మూతున్న డబ్బాలో ఓ గుప్పెడు నీలం సిలికా జెల్‌తో పెట్టండి. గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చేశాయని. వంటకు వాడని పాత పెనం మీద సన్న సెగన నీలం తిరిగేదాకా వేడిచేసి, చల్లారాక మళ్లీ డబ్బాలో వేయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ పని తరచుగా పడుతుంది.